పాత పెట్టెలో ఉత్తరాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెంటితోపాటు ‘ఇల్లు మారి చూడు’ అని కూడా ఒక మాట అని ఉంటే బాగుండేది. ఇల్లు మారేటప్పుడు ఏది ముందు బండి ఎక్కాలో, ఏది ఆఖరున ఎక్కాలో మన ఆడవాళ్ళకు క్షుణ్ణంగా తెలుసు. దేవుడి పటమూ, పాలగిన్నె ముందు. రోలూ, పొత్రమూ ఆఖరున. ఈ మధ్యలో ఎక్కడో, గోడమేకుకు వేలాడుతూ ఒక ఇనపతీగ ఉండేది. వచ్చిన ఉత్తరమల్లా చదవడం కాగానే ఆ తీగకు గుచ్చేవారు. అడుగున పదేళ్ళనాటి శుభలేఖ, పైన మొన్న వచ్చిన కార్డు. తీగను ఎత్తి ఏ గోనెసంచిలోనో పడవేస్తే చాలు, ఇంటి చరిత్ర అంతా కొత్త ఇంటికి చేరిపోయేది.

ఇవాళ ఆ తీగ ఏ ఇంట్లోనూ కనబడదు. ఉత్తరాలన్నీ కంప్యూటరులోకి వెళ్ళిపోయాయి. కంప్యూటరేమో రోలులాంటిది కాదు, అయిదారేళ్ళకో, గట్టిదైతే పదేళ్ళకో దానికి కాలం చెల్లుతుంది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీవారి మామూలు మద్దతు ముగిసింది. దాంతో చాలా ఇళ్ళలో పాత పెట్టె దిగిపోయి కొత్త పెట్టె బల్ల ఎక్కుతోంది. ఫోటోలు ఎక్కించారా, పాటలు ఎక్కించారా అని అందరూ అడుగుతున్నారు. ఉత్తరాలు ఎక్కించారా అని అడిగేవారు మాత్రం తక్కువ. అసలు వాటిని ఎక్కించడం ఎట్లా, ఎక్కించకపోతే ఏమవుతుంది, ఈ రెండు సంగతులూ చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఊరు, మా పిల్లలు

మా ఇబ్రహీంపట్నాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు, దిగి ఉండకపోవచ్చు. హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే బస్సులో కునికిపాట్లు పడేవారు, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనబడగానే ఉలిక్కిపడి లేచి, ‘ఊరొచ్చేసింది, సామాను సర్దండి’ అంటారు. ఆ పొగగొట్టాల కింది ఊరే మాది. ఒక పక్క కృష్ణానది, ఒక పక్క బొమ్మల కొండపల్లి. విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ఇప్పుడు దానికి డాక్టర్ నార్ల తాతారావుగారి పేరు పెట్టారు. ఆ కేంద్రంతోపాటు ఉద్యోగులు వచ్చారు, ఉద్యోగులతోపాటు పిల్లలు వచ్చారు, పిల్లలు ఇంజనీరింగు చదివారు. తరువాత ఏమైందో కృష్ణాజిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. ఇంటికొకరు చొప్పున అమెరికా విమానం ఎక్కారు.

ఎక్కినవారి క్షేమసమాచారం తెలియాలంటే, మొదట్లో ఉత్తరం రావడానికి రెండు వారాలు. ఫోను చేద్దామంటే నిమిషం నిమిషానికీ గుండె దడ. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్‌వారు మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ తలుపు తెరిచారు. మహానగరాల నుంచి అది మెల్లగా బెజవాడకూ, బెజవాడ నుంచి మా ఊరికీ వచ్చింది. టెలిఫోను తీగను పెట్టెకు తగిలిస్తే అది కాసేపు కీచుమని, కాసేపు గురగురమని, ఎట్టకేలకు అమెరికా అందేది. అంతకు చాలా ముందే, 1971లో, రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఉత్తరం పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టిన మహానుభావుడు కూడా ఆయనే. ఆ గుర్తును మా ఊరి పెద్దవాళ్ళు ‘చుట్ట ఎ’ అని పిలిచేవారు. పేరు ఏదైతేనేం, దాని పుణ్యమా అని రెండు వారాల ఉత్తరం రెండు క్షణాల్లో వచ్చి వాలింది.

పిన్నిగారి కబురు

నేను లెక్కల పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. లెక్కల పంతులుకు కంప్యూటరు కూడా వచ్చి తీరుతుందని మా వీధివారికి ఎవరు చెప్పారో తెలియదు గాని, ఏ ఇంట్లో పెట్టె మొరాయించినా నాకు కబురు వస్తుంది. అట్లా ఒకనాడు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉన్న పిన్నిగారు కబురు పంపారు. వారి భర్త, మేమంతా బాబాయిగారూ అని పిలిచేవాళ్ళం, కాలంచేసి రెండేళ్ళయింది. అమ్మాయి అమెరికాలో ఉన్నది.

“నాయనా, అమ్మాయి కొత్త కంప్యూటరు కొనిపెట్టింది. పాతది కొట్లో ఇచ్చేస్తే ధరలో కాస్త తగ్గిస్తారట. కుర్రాడు వచ్చి, ఉన్నవన్నీ ఎక్కించేశానమ్మా అన్నాడు. నువ్వొకసారి చూసి సరే అంటే పట్టుకుపోతాడు. అందులో మీ బాబాయిగారి ఉత్తరాలున్నాయి” అన్నారు.

“అమ్మాయి వ్రాసినవేనా, పిన్నిగారూ?”

“అమ్మాయివి కావు నాయనా. ఆయన వ్రాసినవి.”

కొత్త పెట్టె తెరిచి చూశాను. ఫోటోలున్నాయి. ఘంటసాల పాటలున్నాయి. కరెంటు బిల్లుల లెక్కలు కూడా ఉన్నాయి. ఉత్తరాలు లేవు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ‘మై డాక్యుమెంట్స్’ అన్న అరలో కనిపించినదంతా ఎక్కించాడు. బాబాయిగారు వాడింది విండోస్ ఎక్స్‌పీ, దానిలోని అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. అది ఉత్తరాలను ఆ అరలో పెట్టదు. మామూలుగా కంటికి కనబడని మరొక అరలో, ఒకదానిలో ఒకటిగా ఉన్న ఆరేడు ఫోల్డర్ల అడుగున దాస్తుంది. మన అమ్మమ్మలు బియ్యపుడబ్బా అడుగున డబ్బు దాచినట్టు.

పోనీ, ఉత్తరం పంపినప్పుడు అవతలివారికి చేరింది కదా, అమ్మాయి దగ్గర ఉండదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆ రోజుల్లో అమ్మాయికి ఉన్నది ఆఫీసువారి చిరునామా. ఉద్యోగం మారగానే చిరునామా పోయింది, దానితో ఉత్తరాలూ పోయాయి. ఇటు బాబాయిగారికి టపాపెట్టె ఇచ్చిన సంస్థ ఆ సేవను ఏనాడో మూసివేసింది. కనుక ఆ ఉత్తరాలకు లోకంలో మిగిలిన ప్రతి ఒక్కటే. అది ఆ పాత పెట్టెలో ఉన్నది. ఆ పెట్టె సాయంత్రానికి కొట్టుకు వెళ్ళడానికి సిద్ధంగా గుమ్మం దగ్గర ఉన్నది.

పోస్టుమాను సంచి

అసలు ఉత్తరాలు ఇంట్లో ఎందుకున్నాయి, పోస్టాఫీసులో ఎందుకు లేవు? ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినదంతా తేలిక.

కంప్యూటరు ఉత్తరాలు మనకు అందే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిదాని పేరు పాప్. 1984లో పుట్టి, 1988లో మూడవ రూపం దాల్చింది. ఇది పోస్టుమాను పద్ధతి. సంచిలోని ఉత్తరాలు ఇంట్లో ఇచ్చేసి, ఖాళీ సంచితో వెళ్ళిపోతాడు. ‘ఒక ప్రతి అక్కడే ఉంచు’ అని ప్రత్యేకంగా చెబితే తప్ప అక్కడ ఏమీ మిగలదు. రెండవదాని పేరు ఐమాప్. 1986లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన తయారుచేశాడు. దీనిలో ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంటుంది, మనమే కిటికీలోంచి చూసి చదువుకుంటాము. ఏ పెట్టెలోంచి చూసినా అదే ఉత్తరం.

అయితే అందరూ రెండవదే పెట్టుకోక మొదటిది ఎందుకు పెట్టుకున్నారూ అంటే, ఆనాటి టపాపెట్టెలు అగ్గిపెట్టెలంత ఉండేవి. హాట్‌మెయిల్‌వారు ఇచ్చిన జాగా 2 మెగాబైట్లు. యాహూవారిది 4. ఇవాళ మన ఫోను తీసే ఒక్క ఫోటోకే అది చాలదు. పెట్టె నిండితే కొత్త ఉత్తరం వెనక్కు పోయేది. కనుక ఎప్పటికప్పుడు ఇంటికి దింపుకోవడమే బుద్ధిమంతుల పని. 2004 ఏప్రిల్ 1న గూగుల్‌వారు జీమెయిల్ తెచ్చి, ఏకంగా వెయ్యి మెగాబైట్ల జాగా ఇస్తామంటే, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనే చాలామంది అనుకున్నారు.

ఇందులో ఇంకో మెలిక ఉన్నది. పోస్టుమాను తెచ్చేది వచ్చిన ఉత్తరాలే. మనం పంపినవాటి నకలు అతని సంచిలో ఏనాడూ ఉండదు. అది మన పెట్టెలోనే, ‘పంపినవి’ అన్న అరలో ఉంటుంది. పాప్ పద్ధతిలో ఉన్నవాళ్ళు కంప్యూటరు మార్చితే, సర్వర్లో ప్రతి మిగిలి ఉన్నా సరే, కొత్త పెట్టెలోకి వచ్చినవి మాత్రమే దిగుతాయి. పంపినవి దిగవు. బాబాయిగారి మాటలన్నీ ఆ అరలోనే ఉన్నాయి.

కదిలించిన విధం

పాత పెట్టెను మళ్ళీ బల్ల ఎక్కించి మీట నొక్కాము. లేచింది గాని, ఇవాళ 2002 జనవరి 1వ తేదీ అన్నది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే గడియారం మొదటికి వస్తుంది, అంతకన్న ప్రమాదం లేదు. ఇంటర్నెట్ తీగ మాత్రం తగిలించలేదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే రక్షణ ఆగిపోయింది. తాళంలేని ఇంటి తలుపు వీధిలోకి తెరవడం దేనికి?

మొదటి పని, ఏదీ ముట్టుకోకుండా నకలు తీయడం. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో టూల్స్, ఆప్షన్స్, మెయింటెనెన్స్, స్టోర్ ఫోల్డర్ అని వరసగా నొక్కితే, ఉత్తరాలు ఎక్కడ దాచిందో అదే చెబుతుంది. అక్కడ ప్రతి అరకూ ఒక ఫైలు చొప్పున ఉంటుంది, తోక డి.బి.ఎక్స్. ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించాము. ఇక పెట్టె ఆ క్షణాన కన్నుమూసినా బెంగలేదు.

కాని ఆ డి.బి.ఎక్స్. భాష కొత్త పెట్టెకు రాదు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు లేదు. దాని తరువాత వచ్చిన విండోస్ లైవ్ మెయిల్‌కు 2017 జనవరిలో సెలవు ఇచ్చేశారు. ఆ తరువాతి మెయిల్ అప్లికేషనుకు 2024 డిసెంబరు 31 ఆఖరు రోజు. చూశారూ, ఉత్తరాలకంటె ముందు వాటిని చదివిపెట్టే గుమాస్తాలే వెళ్ళిపోతున్నారు! అందుచేత ఏ గుమాస్తా వచ్చినా చదవగలిగే రూపంలోకి ఉత్తరాలను మార్చుకోవాలి.

ఆ రూపం పేరు ఇ.ఎం.ఎల్. దాన్ని తీయడానికి మంత్రాలేమీ లేవు. బల్లమీద ఒక ఖాళీ ఫోల్డరు తెరిచి పెట్టుకోవాలి. ఉత్తరాల అరలోకి వెళ్ళి, అన్నిటినీ ఒక్కసారిగా ఎంచి, మౌసుతో పట్టి లాగి ఆ ఫోల్డరులో వదలాలి. అంతే. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలై కూర్చుంటుంది. వచ్చినవాటికి ఒక ఫోల్డరు, పంపినవాటికి ఒకటి, బాబాయిగారు ‘పెళ్ళి సంబంధాలు’ అని విడిగా పెట్టుకున్న అరకు ఒకటి. అరకొక ఫోల్డరు చేసుకోకపోతే అన్నీ కలిసిపోయి గంగాళంలో పప్పుధాన్యాలు కలిపినట్టవుతుంది.

ఉత్తరంతో జతపరిచిన ఫోటోలు ఏమవుతాయని పిన్నిగారి ప్రశ్న. వారికి కొండపల్లి బొమ్మతో చెప్పాను. బొమ్మ చెయ్యి వేరుగా, తల వేరుగా తెల్లపొణికి చెక్కతో చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు గదా. అతికిన తరువాత బొమ్మను ఎత్తితే చెయ్యి విడిగా ఎత్తనక్కరలేదు. 1992లో ఉత్తరానికి ఫోటోలనూ పాటలనూ అతికే పద్ధతి ఒకటి కుదిరింది. ఆనాటి నుంచీ జతపరిచినది ఉత్తరంలోని భాగమే. ఇ.ఎం.ఎల్. ఫైలు వస్తే ఫోటో దానితో వచ్చేస్తుంది.

కొత్త పెట్టెలో థండర్‌బర్డ్ అనే ఉచిత గుమాస్తాను పెట్టాము. దానిలో ‘లోకల్ ఫోల్డర్స్’ అన్నచోట బాబాయిగారి పేరున అరలు తెరిచి, పెన్‌డ్రైవులోని ఫైళ్ళను మళ్ళీ మౌసుతో లాగి వదిలాము. ఒక్కసారే వెయ్యి లాగితే అది ఆయాసపడుతుంది. వందా రెండువందల చొప్పున వదిలితే నెమ్మదిగా మింగుతుంది.

ఇక్కడొక తమాషా. ఫైలుకు పేరుగా ఉత్తరం విషయమే వస్తుంది. బాబాయిగారు జీవితకాలమంతా ఒకే విషయం పెట్టారు, ‘కుశలం’ అని. పదకొండు వందల ఫైళ్ళూ కుశలమే! కుశలం ఒకటి, కుశలం రెండు, కుశలం మూడు... పైగా ఫైలుమీద ఉన్న తేదీ మేము లాగినరోజుది. పిన్నిగారు కంగారుపడ్డారు. కంగారక్కరలేదు, అసలు తేదీ ఉత్తరం లోపల వ్రాసి ఉంటుంది. థండర్‌బర్డ్‌లో తేదీ అన్న శీర్షిక మీద నొక్కగానే ఉత్తరాలన్నీ ఏడాది తరువాత ఏడాదిగా బడిపిల్లల్లా వరసన నిలబడ్డాయి.

చదవగలగాలి గదా

ఉత్తరం చేరడం వేరు, చదవగలగడం వేరు. బాబాయిగారి మొదటి ఉత్తరాలన్నీ ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసిన తెలుగు. ఆ కాలంలో అందరూ అట్లాగే వ్రాసేవారు. అవి ఏ యంత్రంమీదనైనా చదవడానికి వస్తాయి. ఆ తరువాత కొందరు తెలుగు అక్షరాల ఫాంట్లు వేసుకుని వ్రాశారు. అచ్చాఫీసులలో, డి.టి.పి. కొట్లలో కొట్టించిన శుభలేఖలూ, అర్జీలూ అను ఫాంట్ల వంటివాటితో తయారయ్యేవి. ఆ ఫాంటు కొత్త పెట్టెలో లేకపోతే తెలుగు బదులు ఏవో పిచ్చి గీతలు కనబడతాయి. ఉత్తరం పాడైందని జనం తీసి పారేస్తారు. పాడు కాలేదు, కళ్ళజోడు లేదంతే. పాత పెట్టెలోని ఫాంట్ల ఫోల్డరును కూడా నకలు తీసి పెట్టుకోండి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. యూనికోడ్ పద్ధతిలో, అంటే ప్రపంచమంతటా ‘అ’కు ఒకటే సంఖ్య ఉండే పద్ధతిలో, వ్రాసిన తెలుగుకు ఈ బాధ లేదు. బాబాయిగారు దాన్ని నేర్చుకున్నది డెబ్భయ్యో ఏట. ఆ తరువాతి ఉత్తరాలు కొత్త పెట్టెలో ముత్యాల్లా కనిపించాయి.

అన్నీ చేరాయో లేదో చూడడానికి అక్కడక్కడ కొన్ని తెరిచి చూడడం మంచిది. మొదటిదొకటి, మధ్యదొకటి, ఆఖరిదొకటి. మధ్యలో తెరిచినది ఆవకాయ ఉత్తరం. అమ్మాయి అక్కడ మామిడికాయలు దొరికాయని వ్రాస్తే, పిన్నిగారు వంటింట్లోంచి కొలతలు చెబుతూ ఉంటే బాబాయిగారు ఇవతల కూర్చుని టైపు చేశారట. నేను పైకి చదివాను. కారం ఇంత, ఆవపిండి ఇంత, ఉప్పు ఇంత, నూనె ఇంత. “అవును, నేను చెప్పినట్టే వ్రాశారు” అంటూ పిన్నిగారు తలాడించారు. ఆఖరి వాక్యం వచ్చింది. ‘మీ అమ్మ లెక్కలో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. నాకు అలవాటైపోయింది. నువ్వు తగ్గించి వేసుకో, ఈ సంగతి అమ్మకు చెప్పకు.’

ఒక్క క్షణం గదిలో చప్పుడు లేదు. తరువాత పిన్నిగారు పకపకా నవ్వారు. నవ్వి నవ్వి పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

“ఒక్కనాడైనా నాతో అనలేదు నాయనా! పాతికేళ్ళు ఆ ఆవకాయే తిన్నారు. ఇంకోటి చదువు” అన్నారు.

ఆ రోజు కొట్టు కుర్రాడు వచ్చి వెనక్కు వెళ్ళాడు.

చిరునామాల పుస్తకం

ఉత్తరాల తరువాత చిరునామాలు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్, అడ్రస్ బుక్ అని నొక్కితే సి.ఎస్.వి. అనే ఫైలు వస్తుంది. పేరు, కామా, చిరునామా, కామా, ఫోను. కిరాణా పద్దులాంటిది. కొత్త గుమాస్తా దాన్ని తేలికగానే తీసుకుంటాడు. ఫోనులోకి ఎక్కించాలంటే వి.సి.ఎఫ్. అన్న రూపం మరింత సుఖం.

ఒక హెచ్చరిక. మధ్యలో ఈ ఫైలును లెక్కల పట్టీలలో, అంటే ఎక్సెల్‌లో, తెరిచి సరిచేసి దాచకండి. అది అతి తెలివిగలది. పన్నెండంకెల ఫోను నెంబరును పెద్ద సంఖ్య అనుకుని కుదించేస్తుంది. ముందున్న సున్నాను పనికిరాదని తీసేస్తుంది. తెలుగులో వ్రాసిన పేర్లుంటే, యూ.టి.ఎఫ్.-8 అన్న పద్ధతిలో దాచకపోతే ప్రశ్నార్థకాలుగా మార్చేస్తుంది. ‘బందరు తోడల్లుడు’ కాస్తా నాలుగు ప్రశ్నార్థకాలయితే ఎవరికని ఉత్తరం వ్రాస్తాం?

ఇంకో చిక్కు, పాత పుస్తకమూ ఫోనులోని పుస్తకమూ కలపడం. మా ఊరి ఫెర్రీ దగ్గర 2015 నుంచి పట్టిసీమ గోదావరి నీళ్ళు వచ్చి కృష్ణలో కలుస్తున్నాయి. కలిసిన తరువాత ఏది గోదావరో, ఏది కృష్ణో చెప్పగలమా? చిరునామాలూ అంతే. కలిపితే ఒక్క మేనమామే నాలుగుచోట్ల కనబడతాడు. కలపకముందే రెండింటికీ విడివిడిగా నకలు తీసి ఉంచుకుని, ఆ తరువాత కలిపి, ఒకే మనిషివి ఒకచోట చేర్చుకోవాలి.

ఆ పుస్తకంలో చనిపోయినవారి పేర్లు చాలా ఉన్నాయి. పనిలోపని, తీసివేద్దామా అని అడిగాను. పిన్నిగారు వద్దన్నారు. “శుభలేఖలు పంపేటప్పుడు ఎట్లాగూ వాళ్ళను తలుచుకోవాలి గదా, ఉండనీ” అన్నారు. వారికోసం ‘పెద్దలు’ అని వేరే జాబితా చేసి అందులో పెట్టాము. బాబాయిగారి పేరు తనే వెతికి అందులో చేర్చారు.

మీ ఇంట్లో అయితే

మాది జీమెయిల్, ఈ బాధలన్నీ మాకు లేవు అని మీరు అనవచ్చు. చాలావరకు నిజమే. జీమెయిలులో ఉత్తరాలూ చిరునామాలూ గూగుల్‌వారి దగ్గరే ఉంటాయి. కొత్త పెట్టెలో పేరూ రహస్యపదమూ కొడితే అన్నీ కళ్ళెదుట ఉంటాయి. కాని రెండు మూడు సంగతులు మనసులో పెట్టుకోండి.

రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాను తీసివేసే నిబంధనను గూగుల్‌వారు 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తున్నారు. పెద్దవారు పోయిన ఇళ్ళలో రెండేళ్ళు ఎంతలో గడిచిపోతాయి! పైగా ఖాతా తెరవాలంటే రహస్యసంఖ్య ఫోనుకు వస్తుంది. పోయినవారి ఫోను కనెక్షను తీయించిన మరునాడే ఆ దారి మూసుకుపోతుంది. అందుచేత కనెక్షను తీయించేముందు ఉత్తరాల పని చూసుకోవాలి. దీనికి గూగుల్‌వారే 2013లో ఒక ఏర్పాటు చేశారు. ఇన్ని నెలలు నేను ఖాతా తెరవకపోతే ఫలానావారికి అందులోనివి ఇవ్వండి అని, బ్రతికి ఉండగానే వ్రాసి పెట్టుకోవచ్చు. వీలునామా అంటే నొచ్చుకునే పెద్దవారుకూడా దీనికి ఒప్పుకుంటారు, ఖర్చులేదు గనుక. టేకౌట్ అనే మరొక ఏర్పాటుతో ఉత్తరాలన్నిటినీ ఒకే ఫైలుగా ఇంటికి దింపుకోవచ్చు. ఆ ఫైలు తోక పేరు ఎంబాక్స్. థండర్‌బర్డ్ అరలలో ఉత్తరాలు ఉండేది ఇంచుమించు ఆ రూపంలోనే.

దింపుకున్నది ఎక్కడ పెట్టాలి? ఒకచోట మాత్రం పెట్టకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, బెజవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ గండ్లు పడినది మా ఊరికి ఎంతో దూరం కాదు. గది నేలమీద పెట్టిన పెట్టె ఏదీ అటువంటి వరదకు నిలవదు, దాని పక్కనే సొరుగులో పెట్టిన పెన్‌డ్రైవు కూడా అంతే. ఒక ప్రతి మీ ఇంట్లో, ఒక ప్రతి మరో ఊరిలో ఉన్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండాలి. పిన్నిగారి ఉత్తరాల రెండవ ప్రతి అమెరికాలోని అమ్మాయికి చేరింది. పెన్‌డ్రైవు కూడా శాశ్వతం కాదు. ఏడాదికొకసారి, సంక్రాంతికి అటక దులిపేటప్పుడు, దాన్నికూడా తెరిచి చూసుకోండి.

పని అంతా అయ్యాక పాత పెట్టె సంగతి. వెంటనే ఇవ్వవద్దు. ఒక నెల ఆగండి. ఆ నెలలో ‘అదేదీ, ఇదేదీ’ అని ఇంట్లో ఎవరో ఒకరు అడక్కుండా ఉండరు. ఇచ్చేటప్పుడు లోపలి హార్డ్ డిస్కును తీయించి మీ దగ్గరే ఉంచుకోండి. తుడిచేశామంటే పోయేది పట్టీలోని పేరే, డిస్కులోని వ్రాత చాలావరకు అక్కడే ఉంటుంది. తెలిసినవాడి చేతిలో పడితే మీ బ్యాంకు కాగితాలూ చదువుకుంటాడు, మీ ఆవకాయ కొలతలూ చదువుకుంటాడు.

డిస్కు లేకుండా తీసుకోమంటే కొట్టువారు ఒక రెండు మూడు వందలు తగ్గిస్తారు. తగ్గించనివ్వండి.